గోడ మీది గీత

శుక్రవారం రాత్రి, ఆష్‌బర్న్

మా అమ్మాయి చిన్నికి ఐస్ హాకీ నేర్పే కోచ్ ఒకప్పుడు గోల్స్ కొట్టడంలో పేరున్న ఫార్వర్డ్. టీమ్‌లు ఆయన్ని ఇచ్చి వేరే ఊరి టీమ్ ఆటగాణ్ణి తీసుకుంటూ ఎన్నోసార్లు ట్రేడ్ చేశాయట. ప్రతిసారీ ఇల్లెలా మారేవారని ఇవాళ అడిగేశాను. ఒకసారి తనకు బదులుగా వెళ్లిన ఆటగాడితో ఇంటి తాళాలు కూడా మార్చుకున్నారట! ఆ ఆటగాడి ఇంట్లో వంటగది గోడ మీద అతని కూతురి ఎత్తు కొలిచిన పెన్సిల్ గీతలున్నాయట. చెరపబుద్ధి కాలేదట. మరి ఈయన ఇంట్లో అతనికేం కనిపించిందో? అడగనే లేదట. నేనైతే ఊరుకునేదాన్నా!

వచ్చే నెల మా ఆయన ప్రాజెక్ట్ కోసం ఈ ఇల్లు ఖాళీ చేసి అందరం బెంటన్‌విల్ వెళ్లాలి. అక్కడ ఐస్ రింక్ ఉందో లేదో... ఇంటికొచ్చి చిన్నికి చెబితే ఏడుస్తుందనుకున్నాను. కోచ్ మాటలు తనూ విన్నట్టుంది, వెళ్లి గోడకి ఆనుకుని నిలబడింది.

"అమ్మా, నాకూ గీయి. నెక్స్ట్ వచ్చే కిడ్ చూస్తది కదా!"

పెన్సిల్ చాలదనిపించి పెన్నుతోనే గీశాను.