పన్నెండో ట్యూబు

సోమవారం, ఉదయం 9:10
మా ఆస్పత్రి ల్యాబ్‌కి సీక్వెన్సర్ వచ్చింది! చూడ్డానికి స్టేప్లరంత. రోగి నమూనాలో ఏ క్రిమి ఉన్నా దాని డీఎన్ఏ చదివేస్తుంది. చదివిన ముక్కల్ని, అంటే రీడ్లని, కంప్యూటర్ పెద్ద జాబితాతో పోల్చి క్రిమి పేరు చెబుతుంది. ఇరవై ఏళ్లుగా రంగు చూసి, వాసన చూసి పేర్లు పెట్టిన బతుక్కి ఇవాళ్టితో సెలవు.

తీర్మానాలు (గోడకి కూడా అంటించాను):
1. మెషీన్ ఒకసారి నడిస్తే ఒక రన్. రన్‌కి పన్నెండు ట్యూబులు. పన్నెండోది ఎప్పుడూ ఉత్త నీళ్లే. అందులో ఏమీ కనిపించకపోతేనే మిగతా పదకొండూ నమ్మాలి.
2. వెయ్యి రీడ్ల కంటే తక్కువుంటే ఆ క్రిమి లేనట్టే.
3. ప్రాణం పోయినా ఈ రెండూ తప్పను.

మా టెక్నీషియన్‌ని అందరం అక్క అంటాం. ఆవిడ చదివి, "మూడోది కొట్టేయండి సార్, పోయే ప్రాణాలు మనవి కావు" అంది. అసూయ!

మంగళవారం, సాయంత్రం 6:00
మొదటి రన్. నీళ్ల ట్యూబులో సున్నా! ఇంటికొచ్చి మా ఆవిడకి గంటసేపు వివరించాను.
"అంటే రోజూ నీళ్లని పరీక్ష చేసి, అవి నీళ్లేనని తేలుస్తారా?" అంది.
సైన్సు అందరికీ ఎక్కదు.

బుధవారం, ఉదయం 11:20
పదకొండు నమూనాలు సిద్ధం. అంతలో మా ఆవిడ ఫోన్. వాళ్ల నాన్నకి శుక్రవారం మా ఆస్పత్రిలోనే మోకాలి ఆపరేషన్. మోకాల్లో క్రిమి లేదని తేలితేనే కోస్తారట. అందులోంచి తీసిన ద్రవం ఇప్పుడే కిందికి, మా ల్యాబ్‌కి పంపారట.
"మీ చేతిలో పనే కదండీ, ఇవాళే చూసెయ్యండి."

చోటు లేదు. ఎవరో ఒకరు లేవాలి. నీళ్ల తరఫున ఫోన్ చేసేవాళ్లు ఎవరూ లేరు. పన్నెండో ట్యూబు మామయ్యకిచ్చాను. నిన్న సున్నా వచ్చింది కదా, ఒక్కసారికి ఏమవుతుంది? రేపట్నుంచి మళ్లీ మామూలే.

గురువారం, ఉదయం 10:05
మామయ్య మోకాల్లో రాల్‌స్టోనియా! తడి ఉన్నచోటల్లా బతికే క్రిమి. నూట నలభై రీడ్లు. వెయ్యి అన్న హద్దు మరీ మొరటుగా ఉందనిపించి, సెట్టింగు వందకి దించాను. మిగతా పదకొండు మందిలోనూ అదే బయటపడింది!

10:20
ఆస్పత్రంతా పాకిన అంటురోగం!! కనిపెట్టింది నేను!!! రిపోర్టులు పంపేశాను.

10:40
అక్క వచ్చి, "సార్, నీళ్ల ట్యూబులో ఎంతొచ్చింది?" అంది. పనుందని బయటికెళ్లాను.

శుక్రవారం, మధ్యాహ్నం 1:00
సర్జన్ ఆపరేషన్ ఆపేశాడు. మామయ్యకి సెలైన్‌లో ఘాటైన యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. పొద్దుట్నుంచి వాంతులట. పన్నెండు మందినీ విడి గదుల్లో పెట్టారు.
"ఆర్నెల్లు ఎదురుచూశాడు మా నాన్న" అని ఫోన్ పెట్టేసింది మా ఆవిడ. నా మీద కోపమెందుకు? క్రిమిని నేను కన్నానా?
పరిశోధన పత్రానికి మూడు శీర్షికలు రాసుకున్నాను. మూడింటి కిందా నా పేరే ముందు.

శనివారం, మధ్యాహ్నం 3:15
ఆస్పత్రి చీఫ్ మేడమ్ పిలిచారు. "పన్నెండు మంది. ఆరు వార్డులు. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. వీళ్లంతా కలిసిందెక్కడండీ?"
నీళ్లు నమిలాను. కలిసిన చోటు ఒక్కటే. నా బల్ల.
ఉత్త నీళ్లు పెట్టి రన్ మొదలెట్టాను.

ఆదివారం, ఉదయం 8:00
రాల్‌స్టోనియా. నూట యాభై రెండు.
బుధవారం కొత్త సీసా విప్పాను. నమూనాలన్నీ ఆ నీళ్లతోనే పలచబరిచాను. నిన్న పరీక్షకి పెట్టిందీ అవే. క్రిమి డీఎన్ఏ ఆ సీసాలోనే ఉంది. పన్నెండో ట్యూబు పెట్టుంటే గురువారమే తెలిసేది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అక్క ఆ సీసా మీద ఎర్రసిరాతో 'వాడొద్దు' అని రాసింది. నన్ను తిట్టుంటే బాగుండేది.

10:00
మేడమ్‌కి, సర్జన్‌కి చెప్పాను. మందులు ఆపించారు. మామయ్య గదికెళ్లాను.
"అంటే నా మోకాల్లో ఏమీ లేదా అల్లుడూ?"
"లేదు మామయ్యా. మీకు చోటివ్వాలని నీళ్ల ట్యూబు తీసేశాను."
"నాకోసమా?" దుప్పటి పక్కకి నెట్టి లేచి కూర్చున్నాడు. "మిగతా పదకొండు మందికీ చెప్పావా?"
"మేడమ్ చెబుతారు."
"తప్పు మేడమ్‌దా?"

మధ్యాహ్నం 12:30
పదకొండు గదులూ తిరిగాను. ముగ్గురు తిట్టారు. ఒకాయన మంచం కింద చెప్పు కోసం వెతికాడు, అందలేదు. చివరి గదిలో ఒక బాలింత. అంటుకుంటుందని మూడు రోజులుగా పసిగుడ్డుని ఆవిడకి దూరంగా ఉంచారట. చెప్పిందంతా వింది.
"అయితే ఇప్పుడు ఎత్తుకోవచ్చా?" అంది.
ఎత్తుకోవచ్చమ్మా అన్నాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

సోమవారం, ఉదయం 9:10
మళ్లీ మొదటి రోజు. కొత్త సీసా. ముందు పన్నెండో ట్యూబులో నీళ్లు, ఆ తర్వాతే మిగతావి. హద్దు మళ్లీ వెయ్యి.

9:40
సర్జన్ ఫోన్. ఇంకో నమూనా ఉందట, చాలా అర్జెంటట, వాళ్ల బావమరిదిదట. చోటు లేదండీ, రేపు చూద్దామన్నాను.

9:43
మళ్లీ చేశాడు. లేదన్నాను.

9:45
మళ్లీ మోగుతోంది. ఎత్తడం లేదు. ఎత్తితే ఒప్పేసుకుంటానని భయం.