ఆవులింతకు సంజాయిషీ

మంగళవారం, జూన్ 9

తమ్ముడికి అక్క రాసేది ఏమనగా, ప్రభువు దయవల్ల ఇక్కడ క్షేమం. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను. సంఘమంతా తమ పాస్టరును పిలిచినట్టు అయ్యగారూ అని మొదలుపెట్టి కొట్టేశాను. పక్క వీధిలో ఉన్నవాడికి ఉత్తరమేంటని నవ్వుకో. ఎదురుపడితే నా గొంతు లేస్తుంది, నిన్ను మాట్లాడనివ్వను, అందుకని రాస్తున్నాను.

నిన్న సంఘ పెద్ద మా కుట్టు షెడ్డుకొచ్చి నీ మాట చెప్పి వెళ్ళాడు. ఆరాధనలో ఆవులించినందుకు వచ్చే ఆదివారం నేను అందరి ముందూ నిలబడి క్షమాపణ అడగాలట. లేకపోతే ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదట. తోటివాళ్ళంతా మిషన్లు ఆపి మరీ విన్నారు. బుద్ధెరిగాక ఆ రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా నేనొక్క నెల కూడా లేను. నీకు తెలుసు. తెలిసే అన్నావు.

మూడు వారాలుగా ఆరాధనలో విసుగును జయించడం గురించి చెబుతున్నావు కదా. ముందు రోజు పెందలాడే పడుకోమన్నావు, ముందు వరసలో కూర్చోమన్నావు, విన్నది కాగితం మీద రాసుకోమన్నావు. పడుకున్నాను, కూర్చున్నాను. రాసుకోవడం మాత్రం నావల్ల కాలేదు. ఒకసారి రాసిందే మళ్ళీ ఏం రాయనురా?

నువ్వు చదువుతున్నది నాన్న ప్రసంగాల నీలం నోటుపుస్తకం. నాన్నకు చూపు మందగించాక, ప్రతి ఆదివారానికీ పెద్దక్షరాలతో నేను రాసిపెట్టింది. నువ్వప్పుడు బళ్ళో ఉన్నావు. ఏ మాట తర్వాత ఏది అంటావో నీకన్నా ముందు నాకు తెలుసు. అంచున నేను నీళ్ళు అని రాసిన చోటల్లా నువ్వు గ్లాసు ఎత్తుతున్నావు. నాన్నకైతే దగ్గు ఉండేది. నీకేం రోగం?

మొన్న మరీ ఘోరం. గత వారం గాలివానకు మన మందిరం రేకులు ఎగిరిపోయాయని ఉన్నదున్నట్టు చదివేశావు. రేకులు తీసి స్లాబు వేసి పదకొండేళ్ళయింది. నేను తలెత్తి స్లాబు వంక చూశాను. ఇంకెవరూ చూడలేదు, అందరూ ఆమెన్ అన్నారు. అప్పుడొచ్చింది ఆవులింత. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. నువ్వు చదవడం ఆపి నావైపు వేలు చూపించి, ఒళ్ళు ఇక్కడ, మనసు ఎక్కడో ఉన్నవాళ్ళు దేవుణ్ణి అవమానిస్తున్నారన్నావు. అదీ ఆ పుస్తకంలోదే, ఇరవయ్యో పేజీ.

నాకు దేవుడి మీద విసుగు లేదు. ఆయన ముందు నిలబడి నువ్వు నీ మాట ఒక్కటీ చెప్పవు, దానికి ఒళ్ళు మండుతోంది, ఏడుపూ వస్తోంది. చిన్నప్పుడు నీ కుక్కపిల్ల చచ్చిపోతే మంచం కింద దూరి దేవుడితో పోట్లాడావు. ఆ ప్రార్థన నాకింకా బోరు కొట్టలేదు.

క్షమాపణ అడగను. బల్ల ఇస్తావో మానేస్తావో నీ ఇష్టం.

ఇట్లు,
నీ తోడబుట్టింది

తా.క.: నాన్న చెబితే నేను రాశాననే నువ్వూ అనుకుంటున్నావు. నాన్న చెప్పలేదు. చూపుతో పాటే ఆయనకు ఏం చెప్పాలో కూడా తోచకుండా పోయింది. ఆ ప్రసంగాలన్నీ నావి. ఆడపిల్ల రాసిందంటే ఎవరూ వినరు, బయట అనకమ్మా అన్నారు. ఇరవై రెండేళ్ళు అనలేదు. ఆ పుస్తకంలో నీకిక మిగిలింది చివరి ప్రసంగం ఒక్కటే. అది రాస్తుండగానే నాన్న పోయారు, సగంలో ఆపేశాను. వచ్చే ఆదివారం ఆ సగం దగ్గర పేజీ తిప్పితే తెల్లకాగితం ఉంటుంది. అక్కణ్ణుంచి నువ్వేం చెబుతావో వినడానికి ముందు వరసలోనే కూర్చుంటాను. నిద్ర రాదులే.