తాళం వేయని గది

అన్నయ్యా,

ఇవాళ నీ గొంతు మళ్ళీ విన్నాను.

నువ్వు చదివిన కాలేజీలోనే నేనిప్పుడు సైకాలజీ చదువుతున్నాను. మనుషుల మీద ప్రయోగాల్లో ఏం చేయకూడదో చెబుతూ మేడమ్ ఈ కాలేజీలోనే జరిగిన ఒక ప్రయోగం పాత వీడియో వేశారు. అందులో ఒక గదినే జైలు అనుకోమని, సగం మంది కుర్రాళ్ళని కాపలావాళ్ళుగా, సగం మందిని ఖైదీలుగా ఉండమన్నారు. ఒక ఖైదీ ముఖం మసక చేశారు. గొంతు మాత్రం అలాగే వదిలేశారు.

"నన్నొగ్గీండి సార్, నానింటికెలిపోతాను."

అది నీ గొంతే. వదిలేయమని నువ్వు బతిమాలుతుంటే కాపలావాళ్ళు పగలబడి నవ్వారు. సినిమాల్లో మన యాస కామెడీకే కదా, నువ్వూ నవ్వించడానికే అంటున్నావనుకున్నారట. ఇవాళ మా క్లాసులో వెనక బెంచీలవాళ్ళూ నవ్వారు. నేను నీ చెల్లెలినని ఎవరికీ తెలీదు. చూపించే ముందు మన ఇంట్లో ఎవర్నీ అడగలేదు.

ఆ ప్రయోగం అయ్యాక నువ్వు మంచినీళ్ళు తాగాలన్నా అమ్మని అడిగేవాడివి. "మనింట్లో నీల్లకి అడగడమేట్రా?" అని అమ్మ కసిరేది. తర్వాత కాలేజీ మానేసి నాన్నతో సముద్రం మీద చేపల వేటకి వెళ్ళావు. పడవ హార్బరుకి తిరిగొచ్చింది, నువ్వు రాలేదు.

వీడియో ఆపి మేడమ్ అన్నారు: "ఆ గదికి తాళం వేయలేదు. ఎవరైనా ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చు. అయినా ఆ అబ్బాయి వెళ్ళలేదు. ఎందుకో రాయండి."

మా క్లాసు తలుపు కూడా బార్లా తెరిచే ఉంది అన్నయ్యా. "నానెలిపోతాను మేడమ్" అని నోటిదాకా వచ్చింది. అంటే మళ్ళీ నవ్వుతారు. ఇంతలో మేడమ్ నా వైపు చూశారు.

తల దించుకుని రాయడం మొదలుపెట్టాను.