ఖనూన్ ఉపవాసం

ఫిబ్రవరి 2
ఇవాళ్టి నుంచి ఖనూన్ నోట్లోకి నా చేతి మీదుగా తప్ప మెతుకు కూడా పోదు. ఇది శపథం!

రెండేళ్ల కిందట గుడి వెనక దొరికిన బక్క కుక్క. ఖనూన్ అని, అంటే పనసకాయ అని, ముద్దుకి పేరు పెట్టాను. ఇప్పుడు నిజంగా పనసకాయలాగే ఉన్నాడు. పొట్ట వేలాడుతోంది. బకెట్ నీళ్లు తాగి నా కుట్టుమిషన్ కింద పోస్తున్నాడు. రెండు పక్కలా బొచ్చు రాలి, చియాంగ్ మై చలికి వణుకుతుంటే చొక్కా కుట్టి తొడిగాను.

పశువుల డాక్టరమ్మ వాడి పొట్ట నొక్కి చూసి, "హార్మోన్ల జబ్బులా ఉంది రత్తనా. ఏడో తారీఖు పొద్దున్నే పరగడుపున తీసుకురా, రక్తం చూద్దాం. అందాకా కంటబడిందల్లా తిననివ్వకు" అంది. గ్రంథిలో కణితి కూడా అయ్యుండొచ్చట. ఆ మాట విన్నప్పట్నుంచి భయంగా ఉంది.

ఫిబ్రవరి 3
ఉదయం: ఉడికించిన కోడిమాంసం, గుమ్మడి ముక్కలు. బుద్ధిగా తిన్నాడు. ఇంత తేలికా!

సాయంత్రం: వీధంతా తిరిగి చెప్పొచ్చాను. పంది మాంసం కాల్చి అమ్మే నికోమ్ అన్న గుండె మీద చెయ్యేసుకుని, "నా బండి వైపు చూడనివ్వను చెల్లీ" అన్నాడు. పక్కింటి బువలోయ్ అమ్మమ్మ మాత్రం, "కడుపు మాడ్చే వైద్యం ఎక్కడ నేర్చిందే మీ డాక్టరు?" అంది.

ఫిబ్రవరి 4
ఖనూన్ మూతికి తీపి సాస్. నికోమ్ అన్నని నిలదీశాను.
"నేను చూడనివ్వలేదు చెల్లీ. వాడే చూశాడు."
పోనీ, ఒక్క ముక్కే. లెక్కలోకి రాదు.

ఫిబ్రవరి 6
కొంప మునిగింది. ఇవాళ వన్ ఫ్రా, బుద్ధుడి పూజల రోజు. డాక్టరమ్మ ఏడో తారీఖంటే తలూపేటప్పుడు గుడి క్యాలెండర్ చూసుకోలేదు. పుణ్యదినం, వీధిలో జబ్బు కుక్క, ఇక అడగాలా? వాడికి నయం కావాలని ఇంటింటివాళ్లూ పుణ్యం చేసుకుంటున్నారు, వాడి నోట్లోనే. గుడ్డు, కాలేయం, జిగురన్నం. వద్దంటే నన్నే తిడుతున్నారు.

మధ్యాహ్నం: వాణ్ని లోపల పెట్టి తలుపేశాను. ఒకటే ఏడుపు.

సాయంత్రం: ఊరంతా పుణ్యం చేసి నేనొక్కదాన్నే మానేస్తే రేపు ఫలితం చెడ్డగా వస్తుందేమో. నికోమ్ అన్న దగ్గర రెండు పుల్లల మాంసం కొన్నాను. దండం పెట్టుకుని నేనే తినిపించాను.

ఫిబ్రవరి 7
పరగడుపు సంగతి అడక్కండి. బయల్దేరుతుంటే అమ్మమ్మ గోడ మీంచి అరటిపండు ముక్క అందించింది, ప్రయాణానికి బలమట. గుటుక్కున మింగాడు. డాక్టరమ్మ నిట్టూర్చి, అలాగే రక్తం తీసింది.

ఫిబ్రవరి 10
కణితి కాదు! క్లినిక్ మెట్ల మీదే వాణ్ని పట్టుకుని ఏడ్చేశాను.

అయితే డాక్టరమ్మకి అనుమానం. "ఒంటి మీద ఆ హార్మోన్ ఎక్కువైన గుర్తులున్నాయి. వీడి గ్రంథేమో దాన్ని తయారుచెయ్యడమే మానేసింది. అంటే బయట నుంచి వస్తోంది. మందేమైనా వేస్తున్నావా?"
లేదని ఒట్టేశాను. అప్పుడు అరటిపండు గుర్తొచ్చింది.

ఇంటికొచ్చి అమ్మమ్మని అడిగాను.
"మందా? నేనెందుకు వేస్తానే? నా మోకాళ్ల మాత్ర, అరటిపండులో పెట్టి, అదీ సగమే. వాడూ కుంటుతున్నాడుగా. ఏడాదిగా నేను సగం, వాడు సగం. వ్యానులో వచ్చి అమ్మే అతను అన్నీ మూలికలే అన్నాడు."

కోపంతో నోరు తెరిచాను. అప్పుడు ఆవిడ మొహం చూశాను. గుండ్రంగా ఉబ్బి ఉంది. చేతుల మీద కమిలిన మచ్చలు. ముందుకొచ్చిన పొట్ట. ముసలితనంలో కళ వచ్చిందని వీధంతా మురిసిపోయాం.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. "ఆ మాత్రలో స్టెరాయిడ్ కలిపి ఉంటారు. ఆవిణ్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. మాత్ర మాత్రం ఇద్దరికీ ఉన్నపళంగా ఆపొద్దు, ప్రమాదం. మెల్లగా తగ్గించాలి."

ఫిబ్రవరి 12
అమ్మమ్మ పేచీ. "కుక్క జబ్బు నాకెందుకొస్తుందే?"
"నీ జబ్బే వాడికొచ్చింది అమ్మమ్మా."
ఆవిడ చాలాసేపు ఖనూన్ చెవులు నిమిరింది. "వీణ్ని నేనే చెడగొట్టానా?" అంది. ఇద్దరూ కోలుకుంటారన్నాను. "సరే, రేపే వెళదాం."

సాయంత్రం: రేపు ఆవిడ పరగడుపున రక్తం ఇవ్వాలి. ఇప్పట్నుంచి అమ్మమ్మ నోట్లోకి మాత్ర, మంచినీళ్లు తప్ప మెతుకు కూడా పోదు. ఇది శపథం! ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

కాసేపటికి: నికోమ్ అన్న పొట్లంతో వచ్చాడు. "ఆసుపత్రికెళ్లేవాళ్లకి పెడితే పుణ్యం చెల్లీ." వెనక గిన్నెలతో సగం వీధి.
లోపల్నుంచి అమ్మమ్మ గొంతు. "వాళ్లని రానియ్యవే. ఆకలి లేదులే, భయంగా ఉంది."
గిన్నెలన్నీ నా కుర్చీ పక్కన పెట్టించి, అందర్నీ లోపలికి పంపాను.