దానంతట అదే ఆగే మగ్గం

హిందూపురం,
12-3-1964.

ప్రియమైన ఓబుళప్పకు,

నీ ఉత్తరం వచ్చి ఇరవై రోజులైంది. ఆలస్యానికి తిట్టుకోకు. నువ్వు అడిగింది ఒక్క మాటే: "ఆటోమేటిక్ అంటే ఏందప్పా? ఆ మరమగ్గం నిజంగా దానంతట అదే నేస్తాదా? నేస్తాదంటే నాయన కాలంనాటి గుంటమగ్గం అమ్మేసి, దాంట్లో వాటాకు చేరతా." జవాబు రాయడానికి కూర్చున్నప్పుడల్లా చెయ్యి ఆడలేదు. ఎందుకో చెబుతాను, చివరిదాకా చదివి తర్వాత కోపం తెచ్చుకో.

మరమగ్గాల్లో వాటాలమ్మే ఆ ఏజెంటును ధర్మవరంలో మీ ఇంటికి పంపింది నేనే. మీ వీధిలో నలుగురు చేరితే, ఆ చీరలన్నీ నా కొట్టుకే ఇప్పిస్తానన్నాడు. ఆశపడ్డాను. నేనూ అడిగాను, ఆటోమేటిక్ అంటే ఏమిటని. "మనిషితో పనే లేదప్పా. మీ ధర్మవరం నరసప్ప మగ్గమమ్మి చేరినాడు. ఇప్పుడు కాలు మీద కాలేసుకుని కూచోనుండాడు" అన్నాడు. ఇక్కడి మరమగ్గాల షెడ్డు చూపించమంటే మాత్రం ఈరోజు కరెంటు లేదు, రేపు మేస్త్రీ రాడు అంటూ తిప్పాడు. మంచి చీర తెచ్చినవాడు అడక్కముందే మడత విప్పుతాడు కదా, ఇతను విప్పడేమని అనుమానం పట్టుకుంది.

మొన్న మంగళవారం చెప్పకుండా ఆ షెడ్డుకు వెళ్ళాను. మగ్గం దడదడమని ఆడుతోంది. ఒక పోగు తెగింది. టక్కున ఆగిపోయింది. పక్కనుంచి ఒకతను వంగి, పోగు జారకుండా బూడిద అద్దుకున్న వేళ్ళతో పోగును మెలిపెట్టి అతికాడు. ఆ మెలి మీ ధర్మవరం మెలి. తలెత్తితే నరసప్ప! నన్ను చూసి చేతులు వెనక్కి దాచుకున్నాడు.

"కూచోనుండావని చెప్పిరే?" అన్నాను.

"కూచునేకి పీట యాడుండాదప్పా? నాలుగు మగ్గాలకు నేనొకణ్ణే. దానంతట అది చేసేది ఒకటే, ఆగిపోయేది. మళ్ళా ఆడల్లంటే మనిషి గావల్ల." మగ్గాన్ని మళ్ళీ ఆడించబోతూ అన్నాడు: "ఓబుళప్పకు చెప్పు, ఇంట్లో మగ్గం కింద గుంట మాత్రం పూడ్సొద్దని. నేను పూడ్సుకున్యా."

మరమగ్గం చెడ్డదని నేననను, దాని వేగం కళ్ళారా చూశాను. ఆటోమేటిక్ అనే మాటకు ఏజెంటు చెప్పిన అర్థమే అబద్ధం. వాళ్ళ షెడ్డులో కూలికి నీ వేళ్ళు కావాలి, అందుకే నీ మగ్గం పోవాలి.

వచ్చే వారం ఏజెంటు వాటా కాగితం తెస్తాడు, సంతకం పెట్టకు. మీ ఇంటావిడ రత్నమ్మ ముందుకు రావడానికి నాకింకా ముఖం చెల్లదు. నడుమ పెనుకొండ స్టేషనులో కలుద్దాం. కాఫీ నాది, తిట్లు నీవి. గుంట అలాగే ఉంది కదా? ఎప్పుడు వస్తావు?

నీ
ఆదినారాయణ