మూరెడు తేడా

మార్చి 9, సాయంత్రం

బావకి,

నీ బావమరిది నమస్కారాలు. ఇక్కడ మేం కులాసా. నీ చెయ్యెలా ఉందని అడగడానికి మొహం చెల్లక మూడు వారాలు గడిపాను. నిన్న మీ గుమ్మం దాకా వచ్చాను. అక్క తలుపు సగమే తీసి, చూడ్డానికొచ్చావా, ఇంకో ఇటుక విసరడానికొచ్చావా అని అడిగింది. అట్నుంచటే వెనక్కి తిరిగాను.

రేపు పదింటికి ఇంజనీరు విచారణ. నువ్వు ఏమరుపాటుగా ఉన్నావని తేలిస్తే నీకిక అక్కడ పని లేదు. ఇటుక ఎప్పటికంటే జోరుగా వచ్చిందని నువ్వన్నావు. ఎప్పటిలాగే విసిరానని నేను ఒట్టేశాను. ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడన్నాడు మేస్త్రీ. అందరూ నన్నే నమ్మారు.

మొన్న మా అమ్మాయి పరీక్షకి లెక్కలు చేసుకుంటోంది. బంతిని నిలువుగా పైకి విసిరితే ఎంత ఎత్తుకు పోతుంది, ఎంతసేపట్లో పోతుంది అని. బంతి తీసేసి ఇటుక పెట్టవే అన్నాను. కింద నా చేతి నుంచి పరంజా మీద నీ చేతికి మూడు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు. సరిగ్గా అక్కడ ఆగాలంటే సెకనుకు ఎనిమిది మీటర్ల వేగంతో విసరాలట. పన్నెండేళ్ళు మనం చేసింది అదే. నీ దగ్గరికొచ్చేసరికి ఇటుకకి వేగముండేది కాదు, పువ్వు కోసినట్టు అందుకునేవాడివి.

వేగం పోతే భూమి లాగడం కూడా ఆగినట్టే కదా అన్నాను. ఫక్కున నవ్వింది. లాగడం ఎక్కడా ఆగదు నాన్నా, అందుకేగా తిరిగి కిందపడేది అంది.

పరంజా మీద నువ్వు నిలబడే పలక మూరెడు, అంటే నలభై అయిదు సెంటీమీటర్లు, కిందికుంటేనో అని అడిగాను. ఎనిమిది ఎనిమిదుల అరవై నాలుగులోంచి, తగ్గిన ఎత్తుకి భూమి లాగేసే యాభై అయిదు తీసేసింది. తొమ్మిది మిగిలింది, దాని వర్గమూలం మూడు. అంటే సెకనుకు మూడు మీటర్ల వేగం ఇంకా ఉండగానే ఇటుక నీకు తగిలింది. అదీ ఎప్పటికంటే ముందే, అరసెకనుకే, నువ్వు చెయ్యి సరిగ్గా చాచకముందే. వేళ్ళు విరగక ఏమవుతాయి బావా? నువ్వు చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజమే.

అమ్మాయి పెన్సిల్ కిందపెట్టి, ఆ పలక ఎవరు దించారు నాన్నా అంది. నేను మంచినీళ్ళకని లేచిపోయాను.

లెక్క కాగితం ఇందులో పెట్టాను. రేపు ఇంజనీరుకి చూపించు. అక్కని ధైర్యంగా ఉండమను.

నీ బావమరిది

తా.క. ఉత్తరం అంటించి, మీ వీధి మలుపు దాకా వచ్చి మళ్ళీ విప్పాను. పలక దించింది నేనే. ఆ పొద్దున భుజం ఒకటే సలుపు. తెలిస్తే పనిలోంచి తీసేస్తారని ఎవరికీ చెప్పలేదు. మెల్లగా విసరొచ్చు కదా అని, నువ్వు నీళ్ళకు దిగినప్పుడు మూరెడు దించాను. నువ్వు ఎక్కి, కానియ్యమన్నట్టు తలూపావు. నీకు చెప్పేలోపే నా చెయ్యి అలవాటుకొద్దీ పాత జోరుతోనే విసిరేసింది. నిన్ను ఆస్పత్రికి మోసుకెళ్ళే హడావుడిలో పలకని మళ్ళీ పైకి బిగించింది కూడా నేనే. రేపు నువ్వు నోరు విప్పక్కర్లేదు, ముందు నేనే చెబుతాను. అమ్మాయికి ఇంకా జవాబు చెప్పలేదు. ముందు నీకు చెప్పాలి కదా బావా.