బాపు చూడబోయిన బర్రె

కామారెడ్డి,
నవంబరు 14, 2024.

ప్రియమైన అరుణన్నకు,

నీ చెల్లె లిదియా వందనాలు చెప్పి రాసేది. దేవుని దయతోటి మేము లేచి తిరుగుతున్నం. పుణెల నువ్వు, వదిన, పిల్లలు మంచిగున్నరని తలుస్తున్న.

ఫోన్ ఉండంగ ఈ ఉత్తరమేందని అనుకుంటవు. మనది రెండర్రల ఇల్లు, నేను నోరు తెరిస్తె అవ్వకు వినవడ్తది. వాట్సాప్‌ల పెడితె వదిన చదువుతది. అందుకె నీ కంపెనీ అడ్రసుకు రాస్తున్న. చదివి చింపెయ్యి.

బాపు పోయి నెల దాటింది. ఇంకా వాడకట్టోళ్లు వచ్చి ఆయన మాటలే చెప్పుకొని నవ్వి పోతున్నరు. మొన్న పాస్టరయ్యగారు సుత యాది చేసిండు. మన ఇంట్ల ప్రార్థన పొడుగైతుంటె బాపు కండ్లు తెరవకుంటనే, అయ్యగారూ, ప్రభువుకు వినవడ్డది, మా పొయ్యి మీద కూర మాడుతున్నది అన్నడట. లోన్ కావాల్నా అని ఫోన్ చేసే పిల్లలను సుత ఇడిచేటోడు కాదు. ఆడగొంతు పెట్టి, మా ఆయన ఇంట్ల లేడు బిడ్డా, నీకు పెండ్లయ్యిందా అని ముచ్చట్లకు దిగేటోడు. నవ్వి నవ్వి అవ్వకు పొలమారేది. గసొంటి మనిషి గురించి గిట్ల రాయాల్సొస్తదని అనుకోలె.

రిటైరైనంక బాపు శనివారం శనివారం ఎల్లారెడ్డి పోతుండె, నీకు తెలుసు. అక్కడి హాస్టల్ల అటెండరు చేసిన మనిషి గద, తెలిసినోళ్లున్నరు, పాలబర్రెను చూసొస్త అనేటోడు. తెల్లారి చర్చి టైముకు వచ్చేటోడు. అడిగితె ఒకసారి కొమ్ములు బాగలేవంటడు, ఒకసారి చూపు బాగలేదంటడు, ఒకసారైతె బర్రెకే నేను నచ్చలేదన్నడు. మేం నవ్వి ఊకున్నం. ఏండ్లు గడిచినయి గని బర్రె తోక సుత ఇంటికి రాలె.

మట్టి పెట్టిన నాడు ఆటోల ఒకామె వచ్చింది, నువ్వు చూసినవో లేదో. సమాధి కాడ కూలవడి ఏడ్చింది. ఎవరమ్మా అని అడిగితె, పేరు కళ అని, మాది ఎల్లారెడ్డి దిక్కు తండా అని, గంగారాం బాపు మాకు ఇంటి మనిషి అని చెప్పింది. అవ్వ దిక్కు చూసి ఇంకేందో అనబోయి ఆగింది. అప్పుడే నా మనసుల ముల్లు గుచ్చుకున్నది.

పోయిన వారం బాపు బట్టలు ఎవరికన్న ఇద్దామని అవ్వ మంచం కింది పెట్టె తీసింది. అడుగున ఒక సంచి. దాంట్ల జరీ చీర, గాజులు, కాటుక డబ్బ, ఒక రవికె. అవ్వ ఆ రవికెను ఎదకు పెట్టుకొని చూసుకున్నది. తనసొంటోళ్లు ఇద్దరు దాంట్ల పడుతరు. ఆ కళ సుత బక్కమనిషే. మరి ఇదెవరిది? ఒక్కామె కాదా, ఇద్దరా? ఎండాకాలంల బాపు మీసం తీసేసి వచ్చింది సుత యాదికొచ్చింది. ఉక్కపోస్తున్నదని చెప్పిండు అప్పుడు. ఎవరి కోసం తీసిండో అంటున్నది అవ్వ ఇప్పుడు.

ఆనాటి సంది ఆమె తిండి సరిగ తింటలేదు. బాపు ఫోటోను గోడ దిక్కు తిప్పింది. నెలాఖరు ఆదివారం అనుకున్న జ్ఞాపకార్థ కూటం వద్దని అయ్యగారికి కబురు పంపింది. నాకు సుత బాపు ఒక్కొక్క నవ్వు ఇప్పుడు అనుమానంగనే కనవడ్తున్నది. మనల్ని గంతగనం నవ్వించింది ఎందుకు, ఏమీ అడగకుండ చెయ్యనీకేనా? రేపు ఎల్లారెడ్డి పోయి కళనే అడుగుత. ఏమన్న తేలితె అవ్వకు చెప్పాల్నా వద్దా, నువ్వే చెప్పు.

ఇట్లు,
నీ చెల్లె
లిదియా

తా.క.: అన్నా, ఉత్తరం ఇంకా డబ్బాల వెయ్యలె. పొద్దున నేను బస్టాండుకు బయలెల్లుతుంటె అవ్వ చెప్పులు తొడుక్కొని వాకిట్ల నిలవడ్డది, సంచి చంకల పెట్టుకొని. నువ్వెక్కడికి పోతున్నవో నాకు తెల్వదనుకున్నవా, దీన్ని దాని మొఖాన కొట్టొస్త అన్నది.

ఎల్లారెడ్డిల బస్సు దిగి, ఆటోల తండా దాంక పోయినం. ఇంకా ఎవరినీ ఏమీ అడగలె. ఇంటి ముందట కూసున్న దుర్గి అనే ముసలామె, మన అవ్వ నడుస్తుంటె చూసి లేచి చప్పట్లు కొట్టింది. రాణి వచ్చింది, రాణి వచ్చింది అని కేకేసింది. ఇండ్లల్లకెళ్లి మనుషులు బయటికొచ్చిన్రు. అందరు అవ్వను చూసి నవ్వుడే. అవ్వ మొఖం కందిపోయింది.

కళ ఉరికొచ్చి మా ఇద్దరి చేతులు పట్టుకున్నది. ఆమె పెనిమిటి సోమ్లా నాటకాలు ఆడిస్తడట. ఆడవేషం కట్టేటాయన చెరుకు కొట్టనీకి మహారాష్ట్ర పోతె, బాపు నవ్వులాటకు చీర కట్టి నిలవడ్డడట. అప్పటి సంది రాణి వేషం ఆయనదే. ఆ రవికె కుట్టించింది బాపు కొలతకే! మా దగ్గర ఎందుకు దాచిండని అడిగిన. చర్చిల పెద్దమనిషి చీర కట్టిండంటె నా సలోమి నలుగురిల తలెట్ల ఎత్తుకుంటది అని అవ్వ గురించి భయపడేటోడట. మట్టి నాడు చెప్పబోయింది గని అవ్వను చూసి కళకు నోరు రాలేదట.

తర్వాత కళ ఫోన్ల నాటకం వీడియో చూపించింది. మన బాపే, అన్నా. కొంగు నడుముకు చెక్కి, ఒక భుజం ముందటికి దోసి, చెయ్యి చీపురు తిప్పినట్టు ఊపుకుంట వచ్చిండు. బువ్వ చల్లారిపోతుంటె ఏ రాజ్యం ఏలుతున్నవు, కాళ్లు కడుక్కొని రా అని రాజును నిలవెట్టి అడిగిండు. గొంతు బాపుది, మాట అవ్వది. ఆ నడక అచ్చం అవ్వది. తండా అంత పడి పడి నవ్వుతున్నది.

అవ్వ మళ్ల పెట్టుమన్నది. మళ్ల చూసింది. నేను గిట్ల నడుస్తనా అని కోపంగ అడిగింది. ఈ వేషం ఎక్కడ నేర్చుకున్నవని బాపును అడిగితె, మా ఇంట్ల ఒక రాణి ఉన్నది, ఆమెను చూసే అనేటోడని సోమ్లా చెప్పిండు. అప్పుడు అవ్వ ఏడ్చింది అన్నా. మట్టి నాడు సుత గట్ల ఏడ్వలె.

కూటం ఉన్నది. తండోళ్లందరిని రమ్మని అవ్వే పిలిచొచ్చింది. వదినను, పిల్లలను తీసుకొని రా. అవ్వ ముందట నడక మాట మాత్రం ఎత్తకు. బస్సు దిగినప్పటి సంది తిన్నగ నడువాలని చూస్తున్నది, చాతనైతలేదు.